దొర పేరుతో వెళ్ళిన మా దయ్యాల పత్రిక

మొన్న మా మనవరాలు ఫోనులో ఏదో చూపించి, తాతయ్యా, ఇది నువ్వు పనిచేసిన మస్కట్‌దేనా అని అడిగింది. చూసేసరికి నాకు ఒళ్ళు మండిపోయింది. పాత ఇంగ్లీషు దయ్యాల సినిమాల మీద అభిమానులు సొంతంగా వేసుకున్న చిన్న పత్రికలన్నిటినీ ఎవరో పోగుచేసి పెట్టారు. వాటిలో మాదీ ఉంది, దాని కింద, ఒమాన్‌లో పనిచేసిన ఒక ఇంగ్లీషు ఇంజనీరు ఒంటిచేత్తో నడిపిన పత్రిక అని రాసి ఉంది. ఒంటిచేత్తోనట! ఆ చెయ్యి ఒక్క పేజీకి స్టేపిల్ కూడా కొట్టలేదు.

ఎనభైల చివర్లో నేను మస్కట్‌లోని ఖురం పేటలో ఒక కంపెనీలో టైపిస్టును. మా రూమ్‌లోనే ఉండే కడప తమ్ముడు వీడియో క్యాసెట్ల దుకాణంలో పనిచేసేవాడు. ఆ రోజుల్లో గల్ఫులో ఉన్నవాళ్ళకు గుర్తుండే ఉంటుంది, శుక్రవారం వచ్చిందంటే రూమంతా ఒకే టీవీ ముందు చేరేది. పొగమంచులో కోట, ఎర్ర అస్తరు వేసిన నల్ల అంగీలో నెత్తురు తాగే జమీందారు, మేమంతా హీరోయిన్‌ను చూస్తుంటే తమ్ముడొక్కడూ ఆ కోటలో దీపాలు వెలిగించే నౌకర్లను చూసేవాడు. వాళ్ళ భయం గురించి వాడు దక్కనీ ఉర్దూ, తెలుగు కలగలిపి చెబుతుంటే నేను ఇంగ్లీషులో టైపు చేసేవాణ్ణి. మా కంపెనీలోనే ఉన్న ఆ ఇంగ్లీషు ఇంజనీరు దగ్గర ఇంగ్లండు అభిమానుల పత్రిక ఒకటి చూసి, అలాంటిదే పన్నెండు పేజీలది మేమూ తయారుచేశాం. ఇలాంటి పత్రికలు వేసే మిగతా అభిమానులకు మనది పంపితే వాళ్ళు వాళ్ళది పంపుతారు, అదీ పద్ధతి.

చిక్కల్లా చిరునామాతో వచ్చింది. రూముకు ఉత్తరాలు రావు, అన్నీ కంపెనీ పోస్టు బాక్సుకే. మా పేరున వచ్చిన కవర్లను మేనేజరు చింపి చూశాకే ఇచ్చేవాడు, దొరల కవర్లను మాత్రం ముట్టుకునేవాడు కాదు. నెత్తురు కోరల బొమ్మలు ఆయన కంటబడితే నా వీసా క్యాన్సిలే. అందుకని ఇంజనీరును ఒప్పించి సంపాదకుడిగా ఆయన పేరు వేశాను, వ్యాసాల కింద మా పేర్లు తీసేశాను.

"మన పేరు మనం ఏసుకునేదానికి గూడా భయమేనా అన్నా?" అని తమ్ముడు మూడు రోజులు నాతో మాట్లాడలేదు. అయినా నాలుగేళ్ళు రాశాడు. ఆ ఫోను పేజీలోనే దొర ఇచ్చిన ఇంటర్వ్యూ ఉంది; పొగడ్తలన్నీ హాయిగా పుచ్చుకున్నాడు, మా ఊసే లేదు. ఆయన మీద ఎంత కోపమో, పిరికిగా బతికిన నా మీద అంతకు రెండింతలు కోపం.

కడపకు ఫోన్ చేశాను. తమ్ముడు పోయి రెండేళ్ళయిందని వాళ్ళబ్బాయి చెప్పాడు. మీ నాన్న రాసినవేనని పేజీలు పంపితే, అన్నీ చూసి మళ్ళీ ఫోన్ చేశాడు.

"దీంట్లో మా అబ్బా పేరు యాడుంది చాచా?"

నేనే తీసేశానని చెప్పాను. ఈ కాలం పిల్లలు పొద్దున తిన్న దోశ ఫోటో కింద కూడా తమ పేరు పెట్టుకుంటుంటే ఇన్నాళ్ళూ నవ్వుకునేవాణ్ణి, ఇక నవ్వను.