భీమయ్యకు చదివి వినిపించని వరుసలు

వేదికలెక్కి గొంతు చించుకుని చెప్పిన మాటలు చాలావరకు మరిచిపోయాను. ఒక మధ్యాహ్నం, తల కూడా తిప్పకుండా, మెల్లగా అన్న ఒక్క మాట మాత్రం ఇన్నేళ్లుగా గుండెల మీద కూర్చుని లేవడం లేదు. ఆ మాట "లేదు". అది అబద్ధం. నా భార్యకు కూడా చెప్పలేదు. మీకు చెబుతున్నాను.

వీడియో గేమ్ దగ్గర ఆడిన అబద్ధం. నవ్వాలనిపిస్తే నవ్వండి. నేనూ చాలాకాలం అలా నవ్వే తప్పించుకున్నాను.

అప్పుడు నేను బస్తర్‌లో, ఇనుప గనుల టౌన్‌షిప్‌లో ఉద్యోగం చేసేవాణ్ణి. క్లబ్బులో క్యారమ్ బల్ల ఉన్న గదిలోనే ఒక పెద్ద టీవీ, దానికో గేమ్ పెట్టె. అందరికీ పిచ్చి పట్టించిన ఆట ఒకటుండేది. కత్తీ డాలూ పట్టుకుని పాడుబడ్డ కోటల్లో తిరగాలి. మన వీరుడి బలం కొద్దికొద్దిగా పెంచుకుంటూ పోవాలి. ఒక్క దెబ్బకు డాలు అడ్డం పెట్టడం ఆలస్యమైతే చావే, మళ్లీ మొదటికి రావాలి. అందులో ఒక వంతెన, దాని మీద గద పట్టుకున్న రాక్షసుడు. మా టౌన్‌షిప్‌లో ఆ వంతెన దాటినవాణ్ణి నేనొక్కణ్ణే.

తెర మీద రాతంతా ఇంగ్లీషు. గదిలో వినిపించేవి తెలుగు, హిందీ, హల్బీ, గోండీ. అందుకని ఇంగ్లీషు వచ్చినవాడు వెనక కుర్చీలో కూర్చుని, తెర మీద ఏముందో చదివి చెప్పడం అక్కడ అలవాటు. ఆ కుర్చీ నాది. నన్ను "గురూజీ" అనేవాళ్లు. గురువుల్నీ మధ్యవర్తుల్నీ కడిగిపారెయ్యడమే చదువుగా పెరిగినవాణ్ణి నేను. అర్థం తెలియని మంత్రం చదివి జనాన్ని భయపెట్టే నోటిని ఎన్ని వాదాల్లో చీల్చి చెండాడానో! ఆ పిలుపు మాత్రం తియ్యగా ఉండేది. ఎందుకు వద్దనలేదు? ఏ ఒక్కసారైనా?

భీమయ్యది అదే బస్తర్‌లో ఎర్రబోరు అనే ఊరి వైపు. గనిలో దుమ్ము లేవకుండా రోడ్లు తడిపే నీళ్ల ట్యాంకర్ నడిపేవాడు. టైరు మారుస్తుంటే జాకీ జారి ఎడమ చెయ్యి నలిగింది. చూపుడు వేలు, నడిమి వేలు వంగడం మానేశాయి. బండి దింపి స్టోరులో కూర్చోబెట్టారు. వర్క్‌షాపు మేస్త్రీ మంచివాడు. "గేరు రాడ్డుకి పెద్ద పిడి బిగిస్తా, అరచేత్తో తోసెయ్యొచ్చు, వచ్చి ట్రయల్ ఇవ్వు" అన్నాడు. భీమయ్యకు ధైర్యం చాలలేదు. ఆ భయాన్ని ఆట దగ్గరికి తెచ్చుకున్నాడు. వంతెన దాటితే చెయ్యి పనికొచ్చినట్టే, ట్రయల్‌కు పోతా, లేకుంటే పోను అని అందరి ముందూ అన్నాడు. నాకూ తెలుసు. తెలిసే చేశాను.

ఆ ఆటలో డాలు ఎత్తే బటన్, ఆడే రిమోట్ మీద ఎడమ చూపుడు వేలి కింద ఉంటుంది.

వాన పడుతున్న సెలవు రోజు. భీమయ్య వంతెన మీద మళ్లీ పడిపోయాడు.

"అరె భీమన్నా, మల్ల సచ్చినవా? నీకు తద్దినాలు పెట్టలేక మా ఇంట్ల బియ్యం అయిపోతున్నయ్!" అన్నాడు క్యారమ్ ఆడుతున్న డ్రైవరొకడు.

"పెట్టుండ్రి. తినేటందుకు నేనే వస్త" అని నవ్వాడు భీమయ్య. తర్వాత నా వైపు తిరిగాడు. ఆ నవ్వు లేదు.

"అన్నా, ఏంది ఈ పేజీ? ఆట ఆపినప్పుడల్ల ఇదే వస్తాంది. నా అసొంటోనికి అల్కగ జేసేది ఏమన్న రాసుందా? జర సూడరాదు."

చూశాను. స్పష్టంగా రాసుంది. శత్రువు దెబ్బ వేసే ముందు మరికాస్త ఆగేలా పెట్టుకోవచ్చు. ఏ బటన్ పనిని ఏ బటన్‌కైనా మార్చుకోవచ్చు. డాలును కుడి చేతికి అప్పగిస్తే చాలు.

"లేదు" అన్నాను. "చప్పుడు పెంచుకోవడం, వెలుగు తగ్గించుకోవడం, అంతే. కష్టపడి గెలవాల్సిన ఆట భీమయ్యా ఇది."

అతను ఎడమ చేతిని ఇటూ అటూ తిప్పి చూసుకున్నాడు.

"అయితే చెయ్యే ఖరాబ్ అయింది తియ్. ఆటది ఏం తప్పుంది" అని రిమోట్ నా ఒళ్లో పెట్టి లేచాడు.

ట్రయల్‌కు పోలేదు. ట్యాంకర్ ఇంకొకరికి ఇచ్చారు. కొన్నాళ్లకు స్టోరు పని కూడా వదిలేసి ఊరికి వెళ్లిపోయాడు. మేస్త్రీ ముందే చేసి ఉంచిన పిడి వర్క్‌షాపు కిటికీలో ఎర్రదుమ్ము పట్టి పడి ఉండేది. అటు వెళ్లినప్పుడల్లా కనిపించేది. అతను ఊరెళ్లేలోపు నిజం చెప్పడానికి కావలసినన్ని రోజులున్నాయి. చెప్పలేదు.

సాకులు వెతుక్కోలేదా? వెతుక్కున్నాను. కష్టమే ఆ ఆటకు ప్రాణం అనుకున్నాను. మరి ఆ పేజీ పెట్టింది ఎవరు? ఆట చేసినవాళ్లే కదా! తలుపు వాళ్లు తెరిచి పెడితే, నేను అడ్డంగా నిలబడ్డాను. సులువుగా గెలిస్తే చేతి మీద లేనిపోని నమ్మకం పెట్టుకుని బండెక్కుతాడు, ప్రమాదం అనుకున్నాను. ఎంత తెలివైన కుతర్కం! గేరు రాడ్డుకు పెద్ద పిడి బిగించడం మోసమని ఎవరైనా అన్నారా? డాలును కుడి చేతికి మార్చడం కూడా పిడి బిగించడమే. ఆ సంగతి అప్పుడే నాకు తెలుసు. వంతెన మీద ఇంకొకడు నిలబడితే నా ఎత్తు తగ్గిపోతుందన్న నీచమైన భయం తప్ప నా దగ్గర వేరే కారణం లేదు.

ఈ రోజుకీ ఇంటర్నెట్‌లో కుర్రాళ్లు రాస్తుంటారు, ఆటను సులువు చేస్తే మా గెలుపుకు విలువేముంటుందని. చదివితే ఒళ్లు మండిపోతుంది. ఒరే, పక్కవాడి తెర మీద రాక్షసుడు నెమ్మదిగా కదిలితే నీ తెర మీద నీ గెలుపు ఎక్కడికి పోయిందిరా? పొద్దంతా బండి తోలి వచ్చినవాడు, వేళ్లు వంగనివాడు, ఇంటి పనయ్యాక కాసేపు కూర్చున్న ఆడమనిషి — వీళ్లు ఆ కోట లోపలేముందో చూస్తే ఏ ఆకాశం విరిగిపడుతుంది? ఇలా అరుస్తాను. అరిచేది వాళ్ల మీదేనా? వాళ్లు తమ మాట బాహాటంగా అంటున్నారు. నేను చాటుగా చేశాను.

ఇంకొకటి ఉంది. ఆ అబద్ధానికి కొద్ది రోజుల ముందే అదే క్లబ్బు హాల్లో, ఏ తలుపైనా అందరికీ తెరుచుకోవాలని, చదువొచ్చినవాడు రానివాడికి అడ్డుగోడ కాకూడదని మాట్లాడాను. చప్పట్లు మోగాయి. ముందు వరసలో భీమయ్య, నలిగిన చేతిని ఒళ్లో పెట్టుకుని, కుడి అరచేత్తో మోకాలి మీద కొడుతున్నాడు.

క్షమించమని అడగను. అడిగితే మళ్లీ అతని దగ్గర్నుంచి నేనే ఏదో పుచ్చుకోవాలని చూసినట్టు. అతను ఇప్పుడెక్కడున్నాడో, ఆ చేతిని ఇంకా తిట్టుకుంటున్నాడో తెలియదు. ఆ రోజు చదవాల్సింది ఇప్పుడు చదువుతున్నాను. నోరు కాస్త తేలికపడుతోంది, అంతే.

ఉంది, భీమయ్యా. శత్రువు దెబ్బ వేసే ముందు మరికాస్త ఆగేలా పెట్టుకోవచ్చు. డాలు బటన్ కుడి చేతికి మార్చుకోవచ్చు. ఆ పేజీలోనే రాసుంది. నీ చెయ్యిది ఏం తప్పు లేదు.