చెరి సగం మాత్ర

"తాతగారికి బీపీ మాత్ర రోజూ వేస్తున్నారా లేదా, మామ్మగారూ?"

"వెయ్యకపోతే చల్లపల్లి డాక్టరు రాసిన ఆ చీటీల్లో నూట ముప్పై ఎలా వచ్చిందమ్మా?"

"నేనడిగేదీ అదేనండీ. పొద్దుట్నుంచి మూడుసార్లు చూశాను. నూట డెబ్బైకి తగ్గట్లేదు."

"ఆసుపత్రి వాసనకే ఆయనకి గుండెదడ. చీటీలో ఉన్నదే ఖాయం చేసుకో. మాటిమాటికీ చేతికి ఆ బీపీ పట్టీ బిగించి బెదరగొట్టకు."

బందరు ఆసుపత్రిలో మా ఆయన మంచానికి అటొకరం ఇటొకరం నిలబడి పోట్లాడుకుంటున్నాం. ఆ పిల్ల మత్తు డాక్టరు. మర్నాడు ఆయన పొట్ట కోసి పేగులో గడ్డ తియ్యాలి. వాయిదా వేస్తే పేగు మూసుకుపోతుందని పెద్ద డాక్టరు ముందే చెప్పారు.

మూడో తరగతితో బడి మానేసినా మాటల్లో నెగ్గడం నాకు అలవాటే. ఆ పిల్ల వెళ్లిపోతుందనుకున్నాను. స్టూలు లాక్కుని కూర్చుంది.

"మాది నందివాడండీ. మీదెక్కడ?"

"హంసలదీవి దగ్గర."

"అయితే కాలవ చివర. పైన లాకుల దగ్గర నిండుగా కనపడినా, మట్టం జానెడు తగ్గితే మీ చేలకి నీరెక్కదు కదా. ఒళ్లూ అంతేనండీ. మత్తిస్తే బీపీ పడిపోతుంది. ఎంతదాకా పడనివ్వచ్చన్నది అందరికీ ఒకటే లెక్క కాదు. తాతగారి ఒంటికి రోజూ అలవాటైన మట్టమే నాకు కొలబద్ద. అది నూట డెబ్బై అయ్యుండి, నేను నూట ముప్పై అనుకుని దిగనిచ్చాననుకోండి, మూత్రపిండాలకీ మెదడుకీ రక్తం చాలదు. ఇప్పుడు చెప్పండి. చీటీ నమ్మనా?"

 మాత్ర రాసింది ఆయనకొక్కరికే. నాకూ తల తిరుగుతుంటే అదే జబ్బని నేనే తేల్చేశాను. రెండో మనిషికి వేరే డాక్టరెందుకని, కత్తిపీట మీద మాత్రని రెండు ముక్కలు చేసి నాలుగేళ్లుగా చెరి సగం మింగుతున్నాం. చల్లపల్లి డాక్టరు దగ్గరికి వెళ్లబోయే ముందు పది రోజులు ఆయనకి నిండు మాత్ర ఇచ్చేదాన్ని, తిట్లు పడకుండా. చీటీల్లో ఉన్నవి ఆ పది రోజుల అంకెలు.

ఫ్యాను వంక చూస్తున్న మా ఆయన అప్పుడన్నారు. "చెప్పవే. నేను పోయాక మాత్ర మొత్తం నీకే మిగులుతుందిగా."

చెప్పేశాను. తల ఎత్తలేకపోయాను. ఆ పిల్ల తిట్టలేదు. కాగితం మీద అంకె కొట్టేసింది. సాయంత్రం దాకా గంటకోసారి వచ్చి, ఆయన కునుకు తీస్తున్నప్పుడూ లేచినప్పుడూ చూసి వేరే అంకె రాసుకుంది. ఆఖర్న అదే పట్టీ నా చేతికీ చుట్టింది.

"రేపు గండం లేదు కదమ్మా?" అన్నాను.

"లేదని చెప్పలేనండీ. ఆ మట్టం దిగకుండా కనిపెట్టుకుని ఉంటాను."

మర్నాడు పొద్దున్న ఏడింటికి లోపలికి తీసుకెళ్లారు. పదకొండు దాటాక తెచ్చారు. పిలిస్తే కళ్లు తెరిచి "ఏమేవ్" అన్నారు. మంచానికి వేలాడుతున్న సంచిలో మూత్రం చుక్కచుక్కగా పడుతోంది. మట్టం దిగలేదన్నమాట. నేను దాని వంకే చూస్తూ కూర్చున్నాను.