అవ్వకు నేను కొనిపెట్టిన బర్రె

ఆ రోజుల్లో పేదరికాన్ని పోగొట్టడం నాకు చాలా సులువైన పనిగా తోచేది. ఎనభైల మొదట్లో, ఎమ్మిగనూరులో బ్యాంకు ఉద్యోగంలో అప్పుడే చేరాను. కాళ్లకు కొత్త బూట్లు, చంకలో సర్కారు రుణాల దరఖాస్తులు. (బర్రెకూ దున్నకూ తేడా తెలుసు, అంతకుమించి తెలియదు.) నేతగాళ్ల ఇళ్లల్లో కూలికి కండెలు చుట్టే ఒంటరి అవ్వ ఒకామె వచ్చి, "సొంతంగా ఒగ రాట్నం, ఇంత నూలు ఇప్పించు సారూ" అంది. "మా రుణాల పట్టీలో రాట్నం లేదవ్వా, బర్రె ఉంది" అన్నాను. "బర్రెకు మేత యాడ తెచ్చేది? నాకు సెంటు భూమి ల్యా." "పాలమ్మి కొనుక్కో!" అని, ఆమె బతుకును ఒక్క మాటతో బాగుచేసి, సంతకు తీసుకుపోయాను. దళారి "పండ్లు సూసుకో సారూ" అనగానే, అన్నీ తెలిసినవాడిలా బర్రె నోట్లో చెయ్యి పెట్టాను. అది నా చేతిని గడియారంతో సహా చప్పరించింది. సంతంతా విరగబడి నవ్వింది. కొంగు అడ్డం పెట్టుకుని అవ్వ కూడా నవ్వింది. ఆమె నవ్వగా నేను చూసింది ఆ ఒక్కసారే.

ఆ ఏడు వానల్లేవు. చొప్ప దొరకలేదు, పాలు ఎండిపోయాయి. అవ్వ తన గుడిసె మీది బోదగడ్డి పీకి బర్రెకు వేసింది. (నేను వెళ్లేసరికి కప్పులోంచి ఆకాశం కనబడుతోంది. "గాలి బాగొస్తాంది నాయనా" అని నన్నే ఊరడించింది.) ఉగాది రాకముందే బర్రె చచ్చిపోయింది. బీమా డబ్బు రావాలంటే దాని చెవికి వేసిన బిళ్ల చూపించాలి. బిళ్ల లేదు. "పుండు పడి సీము కారుతాంటే సూడలేక తీసేసినా నాయనా. నోరు లేంది కదా" అంది. నా ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు. భయపడి, "బిళ్ల లేదు" అని ఉన్నదున్నట్టు రాశాను. దాంతో బీమా రాలేదు. అవ్వ రెండేళ్లు ఆదోని పత్తిమిల్లులో కూలికి పోయి, చచ్చిన బర్రె బాకీ తీర్చింది.

ఆఖరి వాయిదా కట్టిన రోజున, "ఇంకో అప్పుకు నీకు అర్హత వచ్చిందవ్వా!" అని ఉత్సాహంగా చెప్పాను. అవ్వ రెండు చేతులూ జోడించింది. "ఒగసారి సాయం సేసినారు, సాలు. ఇంగ బతకనీ నాయనా."

ఇన్నేళ్లకు కొత్త బూట్లేసుకున్న ఆ కుర్రాణ్ని తలుచుకుంటే కోపం రాదు, నవ్వే వస్తుంది. మంచివాడే, పాపం. అవ్వ బ్యాంకు మెట్లు దిగిపోయాక రిజిస్టరులో ఆమె పేరుకెదురుగా ఎర్రసిరాతో, గుండ్రటి అక్షరాలతో "పేదరికం నుంచి బయటపడినది" అని రాసి, కింద గీత కూడా గీశాడు.