బాలకుమారి సాక్ష్యం

కెనడాలోని రెజైనా తెలుగు చర్చిలో, దేవుడు చేసిన మేలు గురించి సాక్ష్యం చెప్పమని పాస్టరుగారు మైకు ఇవ్వగానే బాలకుమారి దాన్ని రెండు చేతులతో పట్టుకుంది.

కొడుకు జేసన్ ఐస్ హాకీ ఆడతాడు. మోకాలి దెబ్బ తర్వాత పాత టీమ్ వాడిని బెంచీకే పరిమితం చేసి, చివరికి వేరే టీమ్‌కి ట్రేడ్ చేసేసింది. అందరూ అయ్యో అన్నారు. ఆమె మాత్రం, ఇక విసిగి ఆట మానేస్తాడులే అని ఊపిరి పీల్చుకుంది. తీరా చూస్తే అక్కడ గోల్స్ మీద గోల్స్ కొట్టాడు. నిన్న వాళ్లు నాలుగేళ్లకి కాంట్రాక్ట్ ఎక్స్‌టెండ్ చేశారు.

ఆమె ఒక్క మ్యాచ్ కూడా చూడలేదు. వాడు ఐస్ మీదికి దిగితే ఈమె బాత్రూంలో గడియ పెట్టుకుని మోకరిస్తుంది. భర్త ప్రేమానందం తలుపు తట్టి, "అయిపోయిందే, వాడు బాగానే ఉన్నాడు" అంటేనే బయటికొస్తుంది.

"అంతా మీ ప్రార్థనే ఆంటీ!" అంది ముందు వరసలోంచి టీనా.

బాలకుమారి ప్రార్థనేమిటో దేవుడొక్కడికే తెలుసు: వాడిని ఏ టీమూ ఉంచుకోకూడదని.

"దేవుడు... మీ అందరి ప్రార్థనా విన్నాడు," అంది ఎలాగో.

చర్చంతా ఒక్క గొంతుతో "ఆమెన్" అంది. ఆ మాటతో నాలుగేళ్లూ ఖాయమైపోయినట్టు ఆమెకి చెమటలు పట్టాయి.