టేపక్క చదివిన జాబితా

మా ఉద్యోగాలు ఊడినందుకు మేమే చప్పట్లు కొట్టుకున్నామంటే మీరు నమ్మరు. వారం దాటింది, నాకే ఇంకా నమ్మబుద్ధి కావడం లేదు.

మెడలో కొలత టేపు లేకుండా ఆమెను ఎవరమూ చూడలేదు కాబట్టి టేపక్క అయింది. తోలు సంచులు కుట్టే మా హాల్లో ఇరవై రెండేళ్ళ సర్వీసు. కొత్తగా వచ్చినవాళ్ళందరికీ పని నేర్పింది ఆమే, హెడ్ పోస్టు మాత్రం ప్రతిసారీ ఇంకెవరికో పోయేది. నా కడుపు మండేది అందుకే.

ఈ మధ్య కంపెనీని ఇటలీ వాళ్ళు కొన్నారు. "జట్టును ఎలా నడుపుతారో కొత్త ఓనరమ్మకి వాళ్ళ భాషలో చెప్పగలిగినవాళ్ళకే హెడ్ పోస్టు," అన్నాడు మేనేజరు. మర్నాడే టేపక్క ఫోనులో పాఠాలు మొదలుపెట్టింది. మిషను మీద చీటీలు అంటించుకుంది. "ఇయో గ్విదో లా స్క్వాద్రా" అంటే, నా జట్టును నేను నడిపిస్తాను. "దో లెజెంపియో" అంటే, ముందు నేను చేసి చూపిస్తాను.

"అన్నం తినేటప్పుడైనా ఆపవా అక్కా?" అన్నాను.

"ప్రతి మాటా చివర అచ్చే ఉంటుందే. మన నోటికి ఇట్టే తిరుగుతుంది," అంది.

నిజంగానే తిరిగింది. మూడు నెలల్లో గడగడా చదివేసేది. అర్థాలు మాత్రం పాఠంలో ఉన్నంతవరకే తెలుసు.

పోయిన సోమవారం ఓనరమ్మ తెర మీదికి వచ్చింది. హాలంతా నిలబడ్డాం. మేనేజరు టేపక్క చేతిలో ఒక కాగితం పెట్టి, "ఇది చదువు. ఇదే నీ పరీక్ష," అన్నాడు. పైన "లిచెన్సియాతి" అని ఉంది, కింద ఏడు పేర్లు.

టేపక్క మా వైపు తిరిగి, "లైసెన్సుల సంగతే," అని గొంతు తగ్గించి చెప్పింది. కొత్త మిషన్లు నడపడానికి కొందరికి లైసెన్సులిస్తారని అప్పటికే అనుకుంటున్నాం. ఆమె ఒక్కో పేరూ ఖంగుమని చదివింది. మేం ఒక్కో పేరుకీ చప్పట్లు కొట్టాం. ఐదో పేరు నాది. అక్క నన్ను చూసి నవ్వింది. నేను కూడా దర్జాగా దండం పెట్టాను, సిగ్గులేనిదాన్ని.

టీ టైములో ఆ మాట అర్థం చూద్దామని ఆమె ఫోనులో కొట్టాను. పనిలోంచి తీసేసినవాళ్ళు అని వచ్చింది. తప్పు కొట్టానేమోనని ఒక్కో అక్షరం చూసుకుంటూ మళ్ళీ కొట్టాను. అదే వచ్చింది. ఫోను అక్కకిచ్చాను. చదివి కొయ్యబారిపోయింది.

ఉన్నట్టుండి లేచి ఆఫీసు గదికి పరుగెత్తింది. సంగతి తెలిసి వెనకే మేం ఏడుగురం. అక్కడ మేనేజరు కంప్యూటరు తెర మీద ఓనరమ్మ ఇంకా ఉంది. టేపక్క మేనేజరుతో, "దీని అర్థం నీకు తెలుసా?" అంది.

"తెలుసు. నేను చదివితే గొడవయ్యేది. నువ్వంటే అందరికీ గౌరవం," అన్నాడు తాపీగా.

తడిగుడ్డతో గొంతు కోయడమంటే విన్నాను గానీ, ఆ గుడ్డ మా అక్క చేత పట్టిస్తారని కలలో కూడా అనుకోలేదు. ఆమె వాడి జోలికి పోలేదు. తెర ముందు నిలబడి, వచ్చిన భాషంతా కూడదీసుకుని, "నొన్ లో సపేవో," అంది. నాకు తెలియదు అని. మళ్ళీ అంది. మూడోసారి ఏడుస్తూ అంది.

ఓనరమ్మ చెవి ఒగ్గి విని, చల్లగా నవ్వి ఏదో చెప్పింది.

"నీ ఉచ్చారణ ఎంతో ముద్దుగా ఉందట," అన్నాడు మేనేజరు. "హెడ్ పోస్టు నీకే ఇచ్చారు."