శనగచేలో దిగిన రోజు

మాస్టారు పోయారని మొన్న మధ్యాహ్నం వాళ్లమ్మాయి ఫోన్ చేసింది. "నిద్దట్లోనే వెళ్లిపోయారక్కా, బాధపడలేదు," అంది. మా రైసుమిల్లులో ధాన్యం బస్తాల మీద కూర్చుండిపోయాను. ఈమధ్య ఏడవడానికి కూడా ఓపిక ఉండటం లేదు.

రెండు సీట్ల చిన్న విమానం నడపడం నాకు ఆయనే నేర్పారు. ముప్పై దాటాక ఈ సరదా ఏమిటని ఇంట్లో విసుక్కున్నారు. ఆయన మాత్రం మొదటిరోజే, "సరదాయేనమ్మా. కాకపోతే అది మన సరదా. కిందవాళ్లు మనల్ని రమ్మనలేదు," అన్నారు. గాల్లో ఉండగా ఉన్నట్టుండి, "ఇప్పుడు ఇంజిన్ ఆగింది. ఎక్కడ దింపుతావ్?" అని అడిగేవారు. పొన్నూరు నుంచి క్లాసుకి పడుతూ లేస్తూ వచ్చే నాకు ఆ ప్రశ్న వింటే చిరాకేసేది.

ఒక ఫిబ్రవరి ఉదయం అద్దంకి దగ్గర ఇంజిన్ నిజంగానే ఆగింది. కింద మిరపకళ్లం చదునుగా కనిపించింది. "మాస్టారూ, అదిగో కళ్లం!" అని అరిచాను.

"మనుషులున్నారమ్మా," అంటూ ఆయన పక్కకి తిప్పేశారు. అప్పుడు చూశాను, కాయలు ఏరుతున్న ఆడవాళ్లని. శనగ కోసేసిన చేలో దింపారు. కుదుపులకి పళ్లు టకటకలాడాయి. గట్టు ఇంకో నాలుగడుగులుందనగా ఆగాం.

చేను రైతు పరిగెత్తుకొచ్చాడు. "ఏవయ్యా, ఆడోళ్లు పని చేసుకుంటంటే నెత్తిమీదకి తోలుకొస్తావా?"

"తప్పు మాదేనండి. ఎవరికీ దెబ్బ తగల్లేదు కదా? ముందది చెప్పండి," అన్నారు మాస్టారు.

ఆ మాటకి రైతు చల్లబడి మంచినీళ్లు తెప్పించాడు. మాస్టారు జనాన్ని దూరం జరిపి, బీడీలు ఆర్పించి, పోలీసులకీ విమానాల ఆఫీసుకీ ఫోన్ చేశారు. చక్రాలు బాగానే ఉన్నాయి కదా, ఇంజిన్ మళ్లీ తిప్పి చూద్దామన్నాను.

"దిగడం వరకే మన చేతిలో ఉంది. ఇంజినీరు చూసి, ఆఫీసువాళ్లు సరేననేదాకా ఇది లేవకూడదు. ముట్టుకోకూడదు కూడా."

ఎండలో ఇద్దరం గట్టు మీద కూర్చున్నాం. ఇక దాచలేక చెప్పేశాను. బయల్దేరే ముందు పెట్రోలు కొంచెం సీసాలోకి పట్టి, నీళ్లు కలిశాయేమో చూడాలి. నేను చూడలేదు. తొందరలో చూశానని చెప్పాను.

"పైలట్ ఎవరమ్మా?" అన్నారాయన.

"మీరే."

"మరి నేను చూసుకోవాలిగా."

ఇంజినీరు చూస్తే పెట్రోల్లో నీళ్లే కలిశాయి. రిపోర్టులో మాస్టారు నా మాటా రాశారు, దాచలేదు. కానీ బాధ్యుడెవరన్న చోట తన పేరే పెట్టారు. ఆయన లైసెన్సు కొన్నాళ్లు ఆపేశారు. తిరిగి తీసుకునే వేళకి డాక్టరు గుండె బాగాలేదన్నాడు. ఆయన మళ్లీ ఎగరలేదు. నన్ను ఒక్కమాట అనలేదు. అని ఉంటే ఇన్నేళ్లూ నాకు కొంచెం తేలికగా ఉండేదేమో.

ఇవాళ్టికీ నేను పెట్రోలు రెండుసార్లు చూస్తాను. విసుగొచ్చినా చూస్తాను.

అప్పట్లో, తరలించడానికి అనుమతి వచ్చాక ఆ విమానం రెక్కలు విప్పి ట్రాక్టరు ట్రక్కులో వేసి తీసుకెళ్లాం. నేను వెనక కారులో ఉన్నాను. తాడు ఒరుసుకుని రెక్కకి కప్పిన గుడ్డ చిరుగుతుందేమోనని, మాస్టారు తన కండువా మడిచి తాడు కింద పెట్టి, రెక్కని రెండు చేతులతో పట్టుకుని ట్రక్కులో కూర్చున్నారు. మిర్చి బస్తాల లారీలు హారన్ కొడుతూ దాటిపోతున్నాయి. గాలికి రెక్క కొంచెం కొంచెం లేస్తోంది. ఆయన దాన్ని అదిమిపెడుతున్నారు.