ఛైర్మన్ గారి పడవ

నా చిన్నప్పుడు మా ఊరికి ఒక ఛైర్మన్ గారుండేవారు. ఊరి పేరెందుకులెండి, ఉయ్యూరుకు దిగువన డెల్టాలో ఓ చిన్న పట్నం. గాలి ఎటు వీస్తే ఆ పార్టీ కండువా వేసుకోవడం తప్ప ఆయనకు మరో పని తెలిసినట్టు నాకు గుర్తులేదు. కాలవ గట్టు గట్టిపరుస్తానని ఎన్నికలప్పుడల్లా చెప్పేవారు. ఆ గట్టు మాత్రం పిల్లలం ఎక్కినా జారేది.

ఓ వానాకాలం అది తెగింది. మా వీధి నడుములోతు మునిగింది. నాన్న ఊళ్ళో లేరు. నెలలు నిండిన అమ్మను పక్కింటి బీబీ గారు వీధివాళ్ళతో పాటు తమ డాబా మీదకు చేర్చారు. బట్టలు కుట్టుకు బతికే నెమ్మదైన మనిషి ఆవిడ. మధ్యాహ్నానికి అమ్మకు నొప్పులు మొదలయ్యాయి.

అప్పుడొచ్చారు ఛైర్మన్ గారు, పడవలో, ఇస్త్రీ చెదరని తెల్లచొక్కాతో. వెంట ఒక ఫొటోగ్రాఫరు, బుట్టెడు పులిహోర పొట్లాలు. అమ్మ మూలుగులు ఆయనకూ వినపడుతూనే ఉన్నాయి.

"ఇంకా చాలా వీధులు చూడాలమ్మా. వేరే పడవ పంపిస్తాలే" అన్నారు.

మా నాయనమ్మ చేతులు జోడించి ఏడ్చింది. బీబీ గారు ఏడవలేదు.

"అలాగేనండీ. కానీ కిందనుంచి తీస్తే ఫొటోలో నీళ్ళు తప్ప ఏం పడతాయండీ? పైకొస్తే జనం మధ్య మీరు బాగా కనపడతారు" అన్నారు, ఎంతో మర్యాదగా.

ఆయన జుట్టు సర్దుకుని, ఫొటోగ్రాఫరుతోనూ పులిహోర బుట్టతోనూ మెట్లెక్కారు. పిట్టగోడ దగ్గర నవ్వుముఖం పెట్టుకుని నిలబడేలోగా, బీబీ గారూ నాయనమ్మా అమ్మను దించి పడవలో పడుకోబెట్టారు. "ఆస్పత్రికి పోనీ బాబూ" అన్నారావిడ. పడవవాడు పైకి ఒకసారి చూసి గెడ వేశాడు. "ఏయ్, నా పడవ" అని ఛైర్మన్ గారు అరుస్తూనే ఉన్నారు.

చీకటి పడేదాకా ఆయన ఓ మూల కూర్చుని తాను తెచ్చిన పులిహోరే తిన్నారు. ఎవరూ పలకరించలేదు. ఆస్పత్రిలో తమ్ముడు క్షేమంగా పుట్టాడు.

తర్వాతి ఎన్నికల్లో మైకులో విన్నాం: నిండు చూలాలికి తన పడవ ఇచ్చేసి ప్రజల మధ్య డాబా మీద గడిపిన త్యాగమూర్తి అట. ఆ మాట మీదే ఎమ్మెల్యే అయ్యారు. పోయాక విగ్రహమూ పెట్టారు.

ఆ మైకు మాట విన్న రోజే నాకు ఒళ్ళు మండి, నిజం అందరికీ చెప్పమని బీబీ గారిని అడిగాను. ఆవిడ మిషను ఆపకుండానే, "చెప్పుకోనీ తల్లీ. వాడి దగ్గర మనకి కావాల్సింది పడవొక్కటే. తీసుకున్నాంగా" అన్నారు. ఎవరినైనా ఆవిడ 'వాడు' అనగా వినడం అదే మొదలు.

ఇప్పుడు విజయవాడలో ఉంటున్నాను. మొన్న నీళ్ళొచ్చినప్పుడు మా వీధికీ పెద్దమనుషులు వచ్చారు. నేను వాళ్ళ ముఖాలు చూడలేదు. పడవలో ఇంకెందరికి చోటుందో చూశాను.